కయోటీ వేటకు చిన్న క్యాలిబర్ రైఫిల్: టెక్సస్ పొలానికి ఏది, ఎందుకు, ఎలా ఎంచుకోవాలి

డాలస్ చుట్టుపక్కల పదో ఇరవయ్యో ఎకరాలు కొని మేకలు, కోళ్లు పెంచుతున్న తెలుగువాళ్లకు కయోటీని, మన నక్కను పోలిన ఆ అడవి జంతువును, పరిచయం చేయనక్కర్లేదు. రాత్రి ఊళలు వినిపిస్తాయి, పొద్దున్నే లెక్కపెడితే ఒక మేకపిల్ల తక్కువ ఉంటుంది. ఆ వారమే ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, ఏ గన్ కొనమంటావు?"

షాపులో ఇదే ప్రశ్న వేస్తే కౌంటర్ వెనకాయన వేగాల పట్టిక ముందు పెడతాడు. ఇది సెకనుకు 3,200 అడుగులు, అది 3,700, ఇదిగో ఇది 4,200. ఆ పట్టికతో మొదలుపెట్టినవాళ్లు తమకు అక్కర్లేని రైఫిల్‌తో ఇంటికొస్తారు. నేను చెప్పే వరస దానికి తలకిందులు. గురి తప్పిన గుండు ఎక్కడ ఆగుతుంది? జంతువు ఎంత దూరంలో కనిపిస్తుంది? సాధనకు నెలకు ఎన్ని తూటాలు కాల్చగలరు? ఈ మూడూ తేలాకే క్యాలిబర్, అంటే గుండు లావు, తూటా రకం. ఇలా వెళ్తే మీలో ఎక్కువమంది .223 రెమింగ్టన్ బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ బోల్ట్‌ను చేత్తో లాగి నెట్టే రైఫిల్) దగ్గర ఆగుతారు. ఎందుకో, ఎవరు ఆగకూడదో కింద చెప్తాను.

ఒక మాట ముందే. రైఫిల్ కంచెకు బదులు కాదు. చీకటి పడకముందే మేకల్ని కొట్టంలోకి తోలడం, కరెంటు తీగ, ఒక జత గ్రేట్ పిరనీస్ కాపలా కుక్కలు చేసే పని ఏ తూటా చేయదు. ఒక కయోటీని కాల్చితే ఖాళీ అయిన చోటికి ఇంకోటి దిగుతుంది. మందకు అలవాటుపడిన ఫలానా జంతువును ఆపడానికీ, వేటను వేటగా ఇష్టపడేవాళ్లకూ రైఫిల్ కావాలి. ఇదంతా అమెరికా సంగతి అని కూడా గుర్తుంచుకోండి. మన దేశంలో నక్క, గుంటనక్క 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు.

మొదటి మెట్టు: మీకు తుపాకీ పట్టుకునే హక్కు ఉందా?

మనవాళ్లు చాలామంది దాటేసే మెట్టు ఇదే, అసలు ప్రమాదమూ ఇక్కడే. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద అమెరికాకు వచ్చినవాళ్లు, అంటే హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అందరూ, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉండటమే నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటి: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండటం. టెక్సస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే, బీరువాలో ఉన్న రైఫిలే మీ మీద కేసు. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 15 ఏళ్లకు పెంచారు. వీసా, గ్రీన్ కార్డ్ దరఖాస్తు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ మినహాయింపు మీద ఆధారపడేవాళ్లు కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

డీలర్ దగ్గర 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. "నాకు కుదరదు, నువ్వు నీ పేరు మీద కొనివ్వు, డబ్బులిస్తా" అని స్నేహితుణ్ణి అడగకండి. ఆ పని చేస్తే ఇద్దరూ ఫెడరల్ నేరంలో ఇరుక్కుంటారు.

తర్వాత రాష్ట్రం. టెక్సస్‌లో కయోటీకి సీజన్ లేదు, ఎన్ని కాల్చాలన్న పరిమితి లేదు. అయినా వేటకు లైసెన్స్ కావాలి. సొంత పొలంలో పశువుల మీద పడుతున్న కయోటీని కాల్చే యజమానికి మాత్రం సడలింపు ఉంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. వీసా సంగతి ఎలా ఉన్నా ఆ కోర్సు చేయండి. తుపాకీ పట్టుకోవడం అక్కడే సరిగ్గా నేర్పుతారు. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నియమాలు చదవాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి తుపాకీతో చేసే ఏ వేటకైనా సీసం లేని గుండ్లే వాడాలి. కొనే తూటా దగ్గర్నుంచి లెక్క మారిపోతుంది.

రెండో మెట్టు: పొలం చుట్టూ ఒకసారి నడవండి

రైఫిల్ కొనకముందే, పగటిపూట, రేంజ్‌ఫైండర్ అరువు తెచ్చుకుని నడవండి. కయోటీ ఏ వైపు నుంచి వస్తుంది, మీరెక్కడ కూర్చుంటారు, అక్కడి నుంచి ఒక్కో దిక్కున ఎన్ని గజాలు కనిపిస్తుంది, ఆ చూపు ఆగే చోట ఏముంది, కాగితం మీద గీయండి. మట్టి కట్ట, చెరువు గట్టు, ఎదురుగా లేచే మెట్ట ఉంటే ఆ దిక్కు పనికొస్తుంది. రోడ్డు, పక్కవాళ్ల ఇల్లు, చదునుగా ఆకాశం దాకా సాగే మైదానం ఉంటే ఆ దిక్కును కొట్టేయండి. చెట్లను అడ్డుగోడ అనుకోకండి. కొమ్మల సందులోంచి గుండు వెళ్లిపోతుంది. గట్టి నేలా, నీళ్లూ గుండును ఎగరగొడతాయి.

.22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా చిన్నదేలే అనుకుంటారు. ఆ గుండు మైలున్నర దాకా పోగలదని డబ్బా మీదే హెచ్చరిక ఉంటుంది. పైగా అది మెల్లగా, ముక్కలు కాకుండా పోయే గుండు, గట్టి నేలను తాకితే పైకి లేచి పక్కకు ఎగరడానికి సిద్ధంగా ఉంటుంది. వేగంగా పోయి తాకగానే పొడైపోయే .223 వార్మింట్ (చిన్న చీడ జంతువుల వేటకు చేసిన) గుండు ఈ ఒక్క విషయంలో దానికంటే నయం. అలాగని దేనికీ వెనక కట్ట లేకుండా కాల్చే హక్కు రాదు.

టెక్సస్‌లో మీరు కాల్చిన గుండు హద్దు దాటి పక్కవాళ్ల భూమిలోకి పోతే, ఆ యజమాని రాతపూర్వక అనుమతి లేనప్పుడు అది నేరం. పది ఎకరాలూ అంతకంటే చిన్న ప్లాట్లుగా వేసిన సబ్‌డివిజన్లలో కాల్పులను కౌంటీ నిషేధించవచ్చు. నగరాల నిషేధాధికారానికి రాష్ట్ర చట్టం గీసిన గీతలో కూడా రైఫిల్‌కు 50 ఎకరాలు, షాట్‌గన్‌కు 10 ఎకరాలు అనే లెక్క ఉంది. ఎకరాలు పెరిగితే తప్ప రైఫిల్‌కు చోటు లేదన్న ఉద్దేశం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మీది పదెకరాల ముక్కై, చుట్టూ ఇళ్లుంటే నా సలహా రైఫిల్ వద్దనే. 12 గేజ్ షాట్‌గన్ బక్‌షాట్‌తో (ఒకే తూటాలో చాలా లావు గుళ్లు) 40 గజాల లోపు కయోటీని బాగా ఆపుతుంది. అది కూడా కౌంటీ షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి నియమం కనుక్కున్నాకే.

మూడో మెట్టు: క్యాలిబర్

పేర్లు చూసి కంగారుపడొద్దు. .223 రెమింగ్టన్, .22-250, .220 స్విఫ్ట్ మూడింట్లోనూ గుండు ఒకటే లావు, .224 అంగుళం. తేడా వెనకున్న ఇత్తడి కేసులో, అందులో పట్టే మందులో ఉంది. గుండు బరువును గ్రెయిన్లలో చెప్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు, కాబట్టి 55 గ్రెయిన్ల గుండు మూడున్నర గ్రాములకు కాస్త ఎక్కువ.

టెక్సస్ కయోటీ సాధారణంగా 25 నుంచి 40 పౌండ్లుంటుంది. ఎముకల గూడు, దాని వెనక గుండె, ఊపిరితిత్తులు. గురి పెట్టాల్సిన చోటు అడ్డంగా నాలుగైదు అంగుళాలే. దూరం నుంచి బొచ్చు వల్ల ఒళ్లు పెద్దగా కనిపిస్తుంది, మోసపోకండి. బొరియల్లో కాలనీలుగా ఉండే ప్రేరీ డాగ్, గ్రౌండ్‌హాగ్, జాక్‌రాబిట్, కోళ్ల గూట్లో దూరే రకూన్ ఇంకా చిన్నవి.

రిమ్‌ఫైర్ తూటాల్లో, అంటే అడుగు అంచున దెబ్బ తగిలి పేలే చిన్న తూటాల్లో, మూడింటి గురించి మాట్లాడితే చాలు. .22 ఎల్‌ఆర్ 1887 నుంచి ఉంది, 40 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,200 అడుగుల చొప్పున పోతుంది. ఉడతకు, కుందేలుకు, సాధనకు దీన్ని మించింది లేదు. కయోటీకి వద్దు. దగ్గర నుంచి తలకు తగిలితే చస్తుంది నిజమే. కానీ ఒక అంగుళం అటూ ఇటూ అయితే అది పారిపోయి రెండు రోజులు తుప్పల్లో పడి చస్తుంది, ఆ పాపం మీది. .22 మాగ్నమ్ 1959లో వచ్చింది. 40 గ్రెయిన్లు, దాదాపు 1,900 అడుగులు, రకూన్‌కు చాలు. 2002లో హార్నడీ తెచ్చిన .17 హెచ్‌ఎంఆర్ 17 గ్రెయిన్ల బుల్లి గుండును 2,550 అడుగుల వేగంతో పంపుతుంది. వంద గజాల్లో ప్రేరీ డాగ్‌ను, గ్రౌండ్ స్క్విరల్‌ను సూదితో పొడిచినట్టు కొడుతుంది. లోపం గాలి. గంటకు పది మైళ్ల అడ్డగాలి ఉంటే వంద గజాలకే మూడంగుళాల మేర పక్కకు తోస్తుంది, 150 గజాలకు ఆ పక్కతోపు రెట్టింపు దాటుతుంది. పశ్చిమ టెక్సస్‌లో పది మైళ్ల గాలిని గాలి అని కూడా అనరు. వంద గజాలు దాటాక దీని బలం .22 ఎల్‌ఆర్ గొట్టం చివర చూపే బలానికి దిగిపోతుంది. అందుకే కయోటీకి ఇదీ చాలదనే నా అభిప్రాయం. వాడేవాళ్లు ఉన్నారు, పారిపోయినవాటి లెక్క వాళ్లు చెప్పరు.

ఇక సెంటర్‌ఫైర్, అంటే అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే తూటాలు. ఇక్కడ కాసేపు ఆగాలి.

.223 రెమింగ్టన్ 1964లో మార్కెట్లోకొచ్చింది. 55 గ్రెయిన్ల గుండుతో 3,240 అడుగులు. 200 గజాలకు గురి కుదిర్చితే వంద గజాల దగ్గర అంగుళంన్నర పైన, 300 దగ్గర ఏడంగుళాల కింద తగులుతుంది. అంటే 225 గజాల దాకా ఏమీ లెక్కపెట్టకుండా ఛాతీ మధ్యలో గురిపెట్టి మీట నొక్కొచ్చు. కుందేలు అరుపు వినిపించే కాలర్ (పిలుపు పరికరం) పెట్టి కయోటీని పిలిచే వేటలో, ముఖ్యంగా తుప్పలూ దేవదారు పొదలూ ఉన్న చోట, కాల్చే అవకాశాలు చాలావరకు 150 గజాల లోపే వస్తాయి. ఆ పనికి ఇది సరిపోవడమే కాదు, ఇంకా మిగులుతుంది. పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను దాదాపు లేదు, అందుకే పేలాక కూడా స్కోప్‌లోంచి చూపు చెదరదు, గుండు ఎక్కడ తగిలిందో మీరే చూస్తారు. ఊళ్లో చిన్న హార్డ్‌వేర్ షాపులో కూడా తూటాలు దొరుకుతాయి. సాధన తూటా అర డాలరు చుట్టుపక్కల, మంచి వేట తూటా డాలరు, డాలరున్నర. ఈ ధర సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యం. .22-250 కొని ఏడాదికి ఒక డబ్బా కాల్చేవాడి కంటే, .223 కొని నెలకొక డబ్బా కాల్చేవాడే ఎప్పుడూ బాగా కొడతాడు.

.223 రైఫిల్‌లో 5.56 నాటో తూటా పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. బయటకు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ 5.56 సైనిక తూటా, దాని చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) గుండు ముందున్న ఖాళీ పొడవెక్కువ. .223 అని మాత్రమే రాసున్న గొట్టంలో దాన్ని పేల్చితే ఒత్తిడి హద్దు దాటొచ్చు. కాబట్టి పెట్టకండి. 5.56 గొట్టంలో .223 పెడితే ఇబ్బంది లేదు. గొట్టం మీద ఏం చెక్కారో చదివి, ఆ తూటానే కొనండి.

.22-250 రెమింగ్టన్ ముందు ఇళ్లలో తయారుచేసుకున్న తూటా. .250 శావేజ్ కేసు మెడ సన్నంచేసి వాడేవాళ్లు, 1965లో రెమింగ్టన్ దాన్ని కంపెనీ తూటా చేసింది. అదే 55 గ్రెయిన్ల గుండుకు 3,680 అడుగులు. 300 గజాలకు పడేది ఐదంగుళాలే. పశ్చిమ టెక్సస్, న్యూ మెక్సికో మైదానాల్లో, కయోటీ 300 గజాల అవతల ఆగి చూస్తూ నిలబడే చోట ఇదే రాజు. ఖరీదు మూడు రకాలుగా కడతారు: తూటాకు, చప్పుడుకు, గొట్టానికి. మందు ఎక్కువ, మంట ఎక్కువ, గొట్టం మొదట్లో ఉక్కు త్వరగా అరుగుతుంది. ప్రేరీ డాగ్‌ల కాలనీ ముందు కూర్చుని గంటసేపు గబగబా కాల్చే పనికి అందుకే నేను దీన్ని తీసుకెళ్లను.

.204 రూగర్ 2004లో వచ్చింది. 32 గ్రెయిన్లకు 4,225 అడుగులు, పట్టికలో చూస్తే కళ్లు తిరుగుతాయి. తన్ను లేదు, గీత గీసినట్టు పోతుంది, ప్రేరీ డాగ్‌కు అద్భుతం. కయోటీకి మాత్రం ఆ 32 గ్రెయిన్లు భుజం ఎముక మీదే పొడైపోయి పైపైన గాయం చేసే ప్రమాదం ఉంది. దీన్ని ఎంచుకుంటే 39, 40 గ్రెయిన్ల గుండ్లు వాడండి. షాపుల్లో తూటాలు .223 అంత సులభంగా దొరకవు.

.243 విన్‌చెస్టర్ 1955 నాటిది. ప్రేరీ డాగ్‌కు వాడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కానీ ఒకే రైఫిల్ కొంటాను, జింకకూ అదే వాడతాను అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. టెక్సస్‌లో సెంటర్‌ఫైర్ ఏదైనా తెల్లతోక జింకకు చట్టబద్ధం, రిమ్‌ఫైర్ కాదు. వర్జీనియాలో జింకకు .23 కంటే తక్కువ క్యాలిబర్ కుదరదు, కొలరాడోలో .24 ఉండాలి. రాష్ట్రాలు మారే ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు ఈ తేడా లెక్కలోకి వస్తుంది. అడవి పందులు కూడా ఉన్న పొలమైతే .243 ఇంకాస్త ధైర్యం.

.22 హార్నెట్, .220 స్విఫ్ట్, .224 వాల్కిరీ, కొత్తగా 2024లో వచ్చిన .22 ఏఆర్‌సీ కూడా ఉన్నాయి. అన్నీ మంచివే. మొదటి రైఫిల్‌కు ఏదీ అక్కర్లేదు.

నాలుగో మెట్టు: గుండు రకం

ఒకే క్యాలిబర్‌లో నాలుగు రకాల డబ్బాలు కనిపిస్తాయి. ఫుల్ మెటల్ జాకెట్ అని రాసున్న చవక తూటాలు కాగితాలకే. జంతువులోంచి సన్నటి రంధ్రం చేసి దూసుకుపోతాయి, అది చావదు, గుండు ఎక్కడికి పోయిందో తెలియదు. ప్లాస్టిక్ ముక్కున్న వీ-మాక్స్ లాంటి వార్మింట్ గుండ్లు లోపలికి వెళ్లి విచ్చిపోతాయి, చాలావరకు అవతలికి రావు. కయోటీకి .223లో 50 నుంచి 55 గ్రెయిన్లు మేలు. సాఫ్ట్ పాయింట్ గుండ్లు ఇంకాస్త గట్టివి, పందులు కూడా ఉన్నచోట పనికొస్తాయి. తోలు అమ్మే ఉద్దేశం ఉంటే పక్కనుంచి కాల్చినప్పుడు అవతల పెద్ద చిరుగు పడకూడదు. ఆ పనికి విచ్చిపోయే గుండే నయం, తోలు బాగుండేది చలికాలంలోనే.

రెండు మూడు రకాలు ఒక్కో డబ్బా కొని, మీ రైఫిల్ దేన్ని ఇష్టపడుతుందో రేంజ్‌లో చూడండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు కూడా ఒకే తూటాను ఒకేలా కాల్చవు. ఏది చిన్న గుంపు పెడితే, అంటే గుండ్లన్నీ దగ్గరదగ్గరగా తగిలిస్తే, అది నాలుగు డబ్బాలు కొని పెట్టుకోండి.

ఐదో మెట్టు: రైఫిల్

బోల్ట్ యాక్షనా, ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్కా? రెండు మూడు కయోటీలు కలిసి వచ్చినప్పుడు సెమీ ఆటోమేటిక్ రెండో గుండు వేగంగా ఇస్తుంది, ఆ మాట నిజం. కానీ కొత్తవాళ్లకు బోల్టే చెప్తాను. అదే డబ్బుకు గురి బాగుంటుంది, శుభ్రం చేయడం సులభం, బోల్ట్ వెనక్కి లాగి ఉంటే పేలదని దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది. అన్నిటికంటే, ఒక్కటే గుండు ఉందన్నట్టు కాల్చే అలవాటు పడుతుంది.

రూగర్ అమెరికన్, శావేజ్ యాక్సిస్ ఐదారు వందల డాలర్ల చుట్టూ దొరుకుతాయి. వాటి ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనే భాగం) చేతికి చవగ్గా తగులుతుంది, గొట్టం మాత్రం ధరకు మించి కాలుస్తుంది. టికా టీ3ఎక్స్‌కు ఇంకొన్ని వందలు ఎక్కువ పెడితే బోల్ట్ వెన్నలా జారుతుంది. డబ్బుంటే టికా, లేకపోతే రూగర్ తీసుకుని మిగిలింది స్కోప్‌కు, తూటాలకు పెట్టండి.

గొట్టం లోపల గుండును తిప్పే గాడుల మెలిక చూడటం మరవొద్దు. 1:12 అంటే గుండు పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందని. .223లో 1:12 గొట్టం 55 గ్రెయిన్ల దాకా బాగా నిలుపుతుంది, అంతకంటే పొడవైన గుండ్లు తడబడతాయి. 1:9 అయితే 69 దాకా, 1:8 అయితే 77 దాకా. నిజానికి లెక్క బరువుది కాదు, పొడవుది. సీసం లేని రాగి గుండ్లు అదే బరువుకు పొడవెక్కువ, కాబట్టి కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు 1:8 చూసుకోవాలి. ఇంకెవరైనా 1:9 తీసుకుంటే సుఖం. పాత .22-250లు 1:14 మెలికతో వస్తాయి, వాటికి 55 గ్రెయిన్లే హద్దు.

బరువు గొట్టమా, సన్న గొట్టమా అన్నది మీరు నడుస్తారా, కూర్చుంటారా అన్నదాన్ని బట్టి. ప్రేరీ డాగ్ వేటలో బల్ల వేసుకుని కూర్చుని పొద్దంతా కాలుస్తారు, గొట్టం వేడెక్కుతుంది. అక్కడ తొమ్మిది పది పౌండ్ల లావు గొట్టం రైఫిల్ కావాలి. కయోటీని పిలిచేవాళ్లు ఒక చోట ఇరవై నిమిషాలు కూర్చుని లేచి అర మైలు నడుస్తారు. ఆరేడు పౌండ్లు దాటితే మధ్యాహ్నానికి భుజం తిడుతుంది.

షాపులో కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా చేయాల్సినవి: ముందు చాంబర్ ఖాళీ అని కళ్లతో, వేలితో చూడండి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఎత్తండి, చెంప ఆనించండి, అప్పుడు కళ్లు తెరవండి. కన్ను సరిగ్గా స్కోప్ మధ్యలోకి వస్తే స్టాక్ మీకు కుదిరినట్టు. మెడ సాచాల్సి వస్తే, గడ్డం పైకి లేపాల్సి వస్తే కుదరనట్టు. అమెరికన్ మగవాళ్ల కొలతకు చేసిన స్టాక్ మనవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, పొడవవుతుంది. చాలా కంపెనీలు కాంపాక్ట్ మోడల్ అమ్ముతాయి, అడగండి. అనుమతి తీసుకుని ఖాళీ మీట నొక్కి చూడండి. మూడు పౌండ్ల దగ్గర, గరగరలాడకుండా, ఒక్కసారిగా తెగాలి. పాతది కొంటే గొట్టం చివర అంచు, లోపల తుప్పు లైటు వేసి చూసి, బోల్ట్ తీయించి చాంబర్ మొదలు చూపించమనండి. ఎన్ని తూటాలు కాల్చారంటే అమ్మేవాడు ఎప్పుడూ తక్కువే చెప్తాడు.

ఆరో మెట్టు: స్కోప్

24 రెట్లు పెద్దది చూపించే స్కోప్ కొనుక్కుని, 40 గజాల్లో పరుగెత్తుకొచ్చిన కయోటీ బొచ్చు తప్ప ఏమీ కనిపించక చేతులు నలుపుకునేవాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు. ఎక్కువ సంఖ్య కాదు, తక్కువ సంఖ్య చూడండి. 3-9 (మూడు నుంచి తొమ్మిది రెట్లు) గానీ, 4-12 గానీ కయోటీకి చాలు, నడిచేటప్పుడు మూడుమీదో నాలుగుమీదో పెట్టుకోవాలి. ప్రేరీ డాగ్‌కు 6-18 కావాలి. రిమ్‌ఫైర్‌కు కొనేటప్పుడు పారలాక్స్ 50, 60 గజాలకు కుదిర్చినది అడగండి. మామూలు స్కోప్‌లను వంద గజాలకు పైన కుదురుస్తారు, దగ్గరి గురిలో కన్ను కదిలితే గీత కదులుతుంది. రింగుల స్క్రూలు టార్క్ రెంచ్‌తో చెప్పిన లెక్కకే బిగించండి.

రాత్రి వేటకు థర్మల్ స్కోప్‌ల గురించి అడుగుతారు. టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద, యజమాని అనుమతితో, రాత్రిపూట కయోటీని కాల్చడం చట్టబద్ధమే. కానీ థర్మల్‌లో కనిపించేది వేడి ఆకారం. పక్కవాళ్ల కుక్క, దూడ, తుప్పల్లో వంగిన మనిషి అందులో ఎలా ఉంటారో తెలియకుండా మీట మీద వేలు పెట్టకూడదు. మొదటి ఏడాది పగలే వేటాడండి. ఉత్తర కరోలినా తూర్పు తీరంలో ఎర్ర తోడేళ్లు, అరిజోనా, న్యూ మెక్సికో కొండల్లో మెక్సికన్ తోడేళ్లు ఉన్నాయి. ఫెడరల్ రక్షణ ఉన్న జంతువులవి, దూరం నుంచి చూస్తే పెద్ద కయోటీల్లాగే ఉంటాయి.

ఏడో మెట్టు: గురి కుదుర్చుకోవడం

మొదటి గుండ్లు 25 గజాల దగ్గర, బస్తా మీద రైఫిల్ ఆనించి. కాగితం మీద తగిలేలా స్కోప్ తిప్పాక వంద గజాలకు వెళ్లండి. మూడేసి గుండ్ల గుంపులు కాల్చి, గుంపు మధ్యను చూసి తిప్పండి, ఒక్క గుండును చూసి కాదు. గుంపుకీ గుంపుకీ మధ్య గొట్టం చల్లారనివ్వండి. అంగుళంన్నర గుంపు పెట్టే రైఫిల్ కయోటీకి చాలు. .223లో వంద గజాల దగ్గర అంగుళంన్నర పైకి ఉంచి, 200 దగ్గర నిజంగా కాల్చి సరిచూసుకోండి. డబ్బా మీది లెక్క నమ్మి వదిలేయొద్దు.

ఆ తర్వాత బల్ల వదిలేయాలి. పొలంలో బల్ల ఉండదు. నేల మీద కూర్చుని, షూటింగ్ స్టిక్స్ మీద రైఫిల్ ఆనించి, ఆరంగుళాల పేపర్ ప్లేటును ఎంత దూరంలో వరసగా ఐదింటికి ఐదు కొట్టగలరో చూడండి. ఆ దూరమే మీ హద్దు, రైఫిల్ హద్దు ఎంతైనా కానివ్వండి. చాలామందికి అది మొదట్లో వంద గజాలు కూడా ఉండదు. దాన్ని 150కి పెంచేది వేగం కాదు, ఆ అర డాలరు తూటాలు.

చెవులకు రక్షణ లేకుండా ఒక్కటి కూడా కాల్చకండి. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్క దెబ్బకే వినికిడిని తినొచ్చు, సెంటర్‌ఫైర్ రైఫిళ్లన్నీ ఆ హద్దు దాటినవే. ఒకవేళ తర్వాత సప్రెసర్ (చప్పుడు తగ్గించే పరికరం) పెట్టాలనుకుంటే మర చుట్టిన గొట్టమున్న మోడల్ ఇప్పుడే తీసుకోండి. మర తర్వాత చెక్కించడం ఖర్చు.

చనిపోయిన కయోటీని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. టెక్సస్‌లో కయోటీల రేబిస్ ఎంత ముదిరిందంటే, 1995లో రాష్ట్రం విమానాల్లోంచి టీకా ఎరలు చల్లే కార్యక్రమం మొదలుపెట్టింది. చేతి తొడుగులు వేసుకోండి, కుక్కల్ని దగ్గరకు రానివ్వకండి.

ఇంట్లో రైఫిల్ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో. పిల్లలకు తాళం ఎక్కడుందో తెలియదని అనుకునే తల్లిదండ్రులంతా పొరబడుతున్నారు. కాంబినేషన్ సేఫ్ కొనండి. ఇంకోటి, ఇది మనవాళ్లకు మాత్రమే చెప్పాల్సినది. వేటకు వాడిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క .223 తూటా శంషాబాద్‌లో స్కానర్‌లో కనిపిస్తే, 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటా ఉన్నట్టే లెక్క, కేసు పెడతారు. వేట బ్యాగు రంగే వేరుగా ఉండనివ్వండి, దాన్ని గరాజ్ దాటి ఇంట్లోకి తేవద్దు.